ఎదురు కొస

ముందు చప్పుడు వినిపిస్తుంది. ఫట్‌మని.

తడి దుప్పటిని గాలిలో ఒక్క విదిలింపు విదిలిస్తే వచ్చే చప్పుడది. పొద్దున ఆరింటికి నా గది పైకప్పు మీద పుడుతుంది. కాసేపటికి మెట్ల మీద రబ్బరు చెప్పుల టపటప. ఆ వెనక సబ్బునీ ఎండనీ కలిపి నూరినట్టుండే ఒక వాసన. ఇవన్నీ వచ్చి వెళ్ళాక, ఖాళీ బకెట్టు చంకన పెట్టుకుని మనిషి దిగుతుంది. మా మేడలో అందరికీ ఆమె దుప్పట్ల పిన్ని.

ఆమె ఇంట్లో ఉన్నవి రెండే దుప్పట్లు. ఒక గది, ఒక కిటికీ, ఆ కిటికీలో వచ్చి పడుకునే ఎవరిదో పిల్లి. లారీలు బాగుచేసే మొగుడు పోయి పదేళ్ళయింది. దుప్పట్ల పేరు ఆమెకి ఉద్యోగం వల్ల వచ్చింది. ఇరవై ఆరేళ్ళుగా పిన్ని పెద్దాసుపత్రి లాండ్రీలో పని చేస్తోంది.

ఒకసారి ఆమె కళ్ళజోడు మరిచిపోయి వెళ్తే ఇవ్వడానికి నేనక్కడికి వెళ్ళాను. ఆసుపత్రి నేలమాళిగ. నడవా పొడవునా తలకి తగిలేంత కిందుగా గొట్టాలు, వాటి కీళ్ళ దగ్గర చిన్న చిన్న నిట్టూర్పుల్లా ఆవిరి. గుండ్రటి అద్దాల వెనక తెల్లబట్టలు తిరుగుతున్నాయి, మబ్బుల్ని పట్టి డ్రమ్ములో వేసినట్టు. మడతల హాలులో గోడకి బాగా పైన సన్నటి కిటికీలున్నాయి. అందులోంచి ఆకాశం కనిపించదు. వీధిలో పోయేవాళ్ళ పాదాలు కనిపిస్తాయి. పిన్నికి ఊళ్ళో సగం మంది చెప్పులు తెలుసు.

హాలు చివర తలుపు లేని ఒక గది. నానబెట్టే గది. మూడు సిమెంటు తొట్లు, వాటి నిండా బ్లీచింగు నీళ్ళు. రక్తం, చీము, పేరు తెలియని మందుల మరకలు, అన్నీ అక్కడ చేతులతో రుద్ది వదలగొట్టాకే మరలోకి వెళ్తాయి. గుమ్మంలో నిలబడితేనే నా కళ్ళు మండాయి.

“లోపలికి రాకు అమ్మాయ్, ఏడ్చి వెళ్ళావనుకుంటారు,” అని పిన్ని కళ్ళజోడు అందుకుంది.

ఆ రోజు వాళ్ళు మడత పెట్టడం చూశాను. పెద్ద దుప్పటిని మడవాలంటే ఇద్దరు కావాలి. రెండో కొస పట్టుకునే మనిషిని లాండ్రీలో ‘ఎదురు’ అంటారు. నీ ఎదురెవరు, నా ఎదురు ఇవాళ సెలవు, అలా. పిన్నికి పందొమ్మిదేళ్ళుగా ఒకటే ఎదురు. ఆమె కంటే ఆరేళ్ళు చిన్న, సన్నటి మనిషి. గట్టిగా నాలుగు మాటలు మాట్లాడితే ఊపిరి పిల్లిలా కూస్తుంది. అందరూ ఆమెను ఎదురు అనే పిలిచేవారు. అసలు పేరు హాజరు పుస్తకానికే తెలుసు.

ఇద్దరూ దూరంగా నిలబడి ఒక్కసారి విదిలిస్తారు, ఫట్. సగానికి మడుస్తారు. ఒకరివైపు ఒకరు నడుస్తారు. చేతులు కలుస్తాయి. ఎదురు తన కొసలు పిన్ని వేళ్ళలో పెట్టి, వంగి కింది మడత అందుకుని మళ్ళీ వెనక్కి నడుస్తుంది. మాట లేదు. చూపు కూడా లేదు. సముద్రం ఒడ్డుకి వచ్చి, పోయి, మళ్ళీ వచ్చినట్టు.

“రోజుకి రెండొందలసార్లు చేతులు కలుపుకుంటారు వీళ్ళు,” అంది ఆరబెట్టే మరల దగ్గరుండే ఆమె. నోరు మూతపడదు కనక ఆమె పేరు రేడియో. “మొగుడి చెయ్యి ఇన్నిసార్లు పట్టుకునుంటే ఈపాటికి డజను మంది పిల్లలు పుట్టేవాళ్ళు వదినా!”

“నీ మొగుడు చెవులు మూసుకోవడానికే రెండు చేతులూ వాడుకున్నాడు, నీకేం తెలుస్తుందే,” అంది పిన్ని. మూలన కూర్చుని చిరుగులు కుట్టే నాలుగో ఆమె, అందరూ సూది అని పిలిచే మనిషి, పళ్ళ మధ్య దారం పెట్టుకునే నవ్వింది.

అప్పుడే పిన్ని చేతులు దగ్గరగా చూశాను. వేళ్ళ సందుల్లో చర్మం ఎర్రగా, పొరలు పొరలుగా లేచి ఉంది. అరచేతుల్లో ఎండిన చెరువు అడుగులో ఉన్నట్టు పగుళ్ళు. నానబెట్టే గదికి వంతులుంటాయి. గోడ మీద కొక్కేల పలక, ఒక్కొక్కరికీ నెంబరున్న రేకు బిళ్ళ. ప్రతి జంటకీ నెలలో రెండు వారాలు, మనిషికో వారం. ఎదురుకి ఆ ఘాటు పడదు. ఒకసారి అక్కడే స్పృహ తప్పింది. ఆ మరుసటి నెల నుంచి, ఎదురు వంతు వచ్చిన సోమవారం పొద్దున పిన్ని ముందే వచ్చి, ఆమె బిళ్ళ మీద తన బిళ్ళ తగిలించేది. ఎవరూ అడగలేదు, ఎవరూ వద్దనలేదు. అలా పదకొండేళ్ళు. రబ్బరు తొడుగులిస్తారు గానీ మూడో రోజుకి చిరుగుతాయి. చిరిగిన తొడుగులో నీళ్ళు దూరితే బయటికి రావు. లేకపోవడమే నయం.

“నా ముక్కు మొద్దు, దానిది కాదు. అంతే తేడా,” అనేది పిన్ని.

వేడినీటి ఊట మాట తెచ్చింది రేడియోనే. ఊరికి రెండున్నర గంటల దూరంలో, కొండ కింద భూమిలోంచి వేడినీళ్ళు ఉబికి వస్తాయట. చుట్టూ కొలనులు కట్టి, తోట వేసి, రిసార్టు చేశారట. ఆ నీళ్ళలో ఒక పూట నానితే పాము కుబుసం విడిచినట్టు పాత చర్మం పోయి కొత్తది వస్తుందట.

“నీ చేతుల కోసమే వదినా. నలుగురం ఒకే రోజు సెలవు పెడదాం,” అంది.

బయల్దేరే ముందు రోజు సాయంత్రం పిన్ని మా గదికి వచ్చింది, నా భుజం సంచి అడగడానికి. గోళ్ళు శుభ్రంగా కత్తిరించుకుని ఉంది. చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని వాటివైపే చూస్తూ, “వీటిని ఊరికి తీసుకెళ్తున్నానమ్మాయ్. పుట్టి బుద్ధెరిగి ఎక్కడికీ వెళ్ళలేదు పాపం,” అంది. ఆమె తనకోసం ఏదైనా కోరుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

తర్వాతిదంతా పిన్ని చెప్పిందే. ఒకేసారి చెప్పలేదు. డాబా మీద బట్టలు ఆరేస్తూ, ఒక రోజు ఒక ముక్క, వారం తర్వాత ఇంకో ముక్క.

వ్యానులో పోతూ ఉడికిన గుడ్లు ఒలుచుకుని తింటుంటే రేడియో అడిగిందట: “అక్కడ ఎవరైనా ఏం పని చేస్తారంటే ఏం చెప్దాం?”

“లాండ్రీ అని చెప్తాం,” అంది పిన్ని.

“ఆసుపత్రి లాండ్రీ అంటే పక్కనున్నవాళ్ళు నీళ్ళలోంచి లేచి పారిపోతారు. చావులూ పురుళ్ళూ అన్నీ మన చేతుల మీదే కదా.”

“బట్టల కొట్టు అందాం,” అంది ఎదురు.

“బట్టలతో పనే. అబద్ధం కూడా కాదు,” అని సూది తేల్చేసింది. నలుగురూ నవ్వుకున్నారు. పిన్ని కూడా నవ్వింది. ఆ నవ్వులో తానూ ఉన్నానన్న సంగతి ఆమె నాకు రెండుసార్లు చెప్పింది.

వ్యాను దిగగానే అప్పుడే ఆర్పిన అగ్గిపుల్ల వాసన. చెట్ల పైన ఆవిరి తేలుతోంది. పిన్నికి పొద్దుటిపూట లాండ్రీ గొట్టాలే గుర్తొచ్చాయట. “కాకపోతే ఇక్కడ కొండ మీదున్నదంతా ఆకాశమే. ఒక్క చెప్పు లేదు.”

లోపలికి వెళ్ళే చోట బల్ల వెనక ఒక అమ్మాయి కూర్చుని, వచ్చిన వాళ్ళ మణికట్టుకి నీలం కాగితపు పట్టీ చుడుతోంది. నీలం పట్టీ ఉంటే కొలనులో దిగొచ్చు. రేడియోకి చుట్టింది. సూదికి చుట్టింది. ఎదురుకి చుట్టింది.

“చెయ్యి ఇలా ఇవ్వండమ్మా,” అంది పిన్నితో.

పిన్ని ఇచ్చింది. పట్టీ గాల్లోనే ఆగిపోయింది.

“ఇదేంటమ్మా ఇది? అంటుకునేదా?”

గోడ మీద బోర్డుంది. చర్మవ్యాధులున్నవారు కొలనులో దిగరాదు. చర్మం బాగుపడుతుందని పేరుపడ్డ నీళ్ళకి అది మొదటి నియమం. వెనక వరసలో ఒక తల్లి తన పాపని రెండడుగులు వెనక్కి లాక్కుంది.

జబ్బు కాదండీ, పనిలో పగిలాయి, అనాలి. ఆ మాట పిన్ని నాలుక చివరిదాకా వచ్చింది. ఏం పని అని అడుగుతారు. వ్యానులో అనుకున్నది గుర్తొచ్చి ఆగింది. ఆగి, ఎదురు వైపు చూసింది. ఈ పగుళ్ళలో సగం ఎవరివో తెలిసిన మనిషి లోకంలో ఆమె ఒక్కతే. ఏదో ఒకటి చెప్తుంది. సబ్బు పడలేదనో, వంటింట్లో కాలిందనో, కనీసం ఒక మంచి అబద్ధం.

“మీవాళ్ళేనా?” అని అడిగింది బల్ల దగ్గరి అమ్మాయి.

“ఆమె దిగదులెండి,” అంది ఎదురు. “మా సామాన్లు చూసుకోవడానికొచ్చింది.”

రేడియో నోరు మూతపడింది. సూది, నేల మీద ఏదో పారేసుకున్నట్టు కిందికి చూసింది.

“అలా ముందే చెప్పొచ్చు కదండీ,” అంటూ ఆ అమ్మాయి సొరుగులోంచి తెల్లపట్టీ తీసింది. సామాన్ల మనుషులకి తెల్లది. పిన్ని ఒంటికి వేలు తగలకుండా, జాకెట్టు పొడుగు చేతుల అంచు మీద నుంచి చుట్టింది.

ఇది చెప్పిన రోజు పిన్ని నవ్వింది. “పందొమ్మిదేళ్ళు చెయ్యిచ్చింది. చివరికి చెయ్యిచ్చింది. మన భాషలో రెండిటికీ ఒకటే మాట చూశావా అమ్మాయ్? ఎవడు పెట్టాడో గానీ అనుభవించి పెట్టాడు.”

కొలను పక్కన రాతి బెంచీ. పిన్ని నాలుగు సంచులు పక్కన పెట్టుకుని కూర్చుంది. ముగ్గురూ నీళ్ళలోకి దిగారు. కాసేపు వాళ్ళు ఆమె వైపు చూడలేదు. తర్వాత నీళ్ళ వేడికి ఒళ్ళు వదులైనట్టే మొహాలూ వదులయ్యాయి. రేడియో మళ్ళీ మోగడం మొదలుపెట్టింది. ఎదురు తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకుంది. పందొమ్మిదేళ్ళలో మొదటిసారి, మాట్లాడుతున్నా ఆమె ఊపిరి కూయడం లేదు.

“ఆవిరికి దాని ఛాతీ తేలికైంది. ఎవరూ గమనించి ఉండరు. నేను గమనించా. గమనించినందుకు నా మీద నాకే ఒళ్ళు మండింది,” అంది పిన్ని.

కొంతసేపటికి ఎదురు తడి బట్టలతోనే బెంచీ దగ్గరికి వచ్చింది. మంచినీళ్ళ గ్లాసు నిండా ఊట నీళ్ళు పట్టుకొచ్చింది. పొగ లేస్తోంది.

“అక్కా, వేళ్ళు ముంచు. ఎవరూ చూడట్లేదు.”

“గ్లాసులో పట్టేంత చేతులు కావే నావి.”

“కోపమా?”

“కోపమెందుకు? సామాన్లన్నీ ఉన్నాయి, ఒకసారి చూసుకో.”

“ఆ పిల్ల అందరి ముందూ అడిగేసరికి నోటికేదొస్తే అదనేశా అక్కా. లాండ్రీ అని తెలిస్తే నలుగుర్నీ పంపేసేది. నీకు ఇష్టమేనా అలా అయితే?”

“ఇష్టం లేదు.”

“పోనీ తిట్టు.”

“వెళ్ళు, చలేస్తుంది.”

ఎదురు గ్లాసు బెంచీ మీద పెట్టి వెళ్ళింది. పిన్ని దాన్ని ముట్టుకోలేదు. చూస్తూ ఉంది. పొగ సన్నబడింది, దారమైంది, తెగిపోయింది. గ్లాసులో మామూలు నీళ్ళు మిగిలాయి.

మధ్యాహ్నానికి బెంచీ పక్కన వెదురు బుట్టలో వాడని తువ్వాళ్ళు కుప్పగా పోసి పోయారు ఎవరో. పిన్ని కాసేపు ఓర్చుకుంది. ఆ తర్వాత ఒకటి తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఇంకొకటి. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ఎదురు అక్కర్లేని చిన్న గుడ్డలు. నాలుగు మడతలు, కుట్టిన అంచు లోపలికి, మూల పైకి. ఆసుపత్రిలో ముద్ర పైకి కనపడేలా మడవాలి. ఇక్కడ ముద్ర లేదు. అయినా ఆ మూలే పైకి పెట్టింది. బుట్టెడు అయ్యాయి.

పట్టీలు కట్టే అమ్మాయి అటుగా వచ్చి ఆగిపోయింది.

“అబ్బ! స్కేలు పెట్టి గీసినట్టున్నాయి. ఎక్కడ పని చేస్తారమ్మా మీరు?”

పిన్ని కొలను వైపు చూసింది. ఇందాక పాపని వెనక్కి లాక్కున్న తల్లి ఇప్పుడు ఆ పాపతో నీళ్ళలో ఉంది. ఆమెకి మూరెడు దూరంలో ఎదురు. ఒక్క మాట చెప్తే చాలు, ఆ కొలను నిమిషంలో ఖాళీ అవుతుంది. నీళ్ళ మీద ఆవిరి తప్ప ఎవరూ మిగలరు.

“బట్టల కొట్లో,” అంది.

“అనుకున్నా! మాకు తువ్వాళ్ళ దగ్గర మనిషి కావాలమ్మా. వస్తారా?”

“నా చేతులు చూశావు కదా.”

“మడవడానికేముందమ్మా? దిగడానికే కదా వద్దంది.”

ఆసుపత్రి మాట ఎందుకు చెప్పలేదని నేను అడిగాను. పిన్ని క్లిప్పులు నోట్లో పెట్టుకుని ఉంది. తీరిగ్గా ఒక్కొక్కటీ తీసి తీగకి పెట్టాక అంది: “చెప్తే ఏమవుతుంది? వాళ్ళు బయటికొస్తారు. నేను లోపలికి పోతానా?”

తిరుగు ప్రయాణంలో రేడియో నిద్ర నటించింది. ఎదురు నిజంగానే నిద్రపోయి, ఎప్పుడూ బస్సులో చేసినట్టే పిన్ని భుజం మీద తల వాల్చింది. జుట్టు ఇంకా తడిగా ఉంది, అగ్గిపుల్ల వాసన. రెండున్నర గంటలూ పిన్ని భుజం కదపలేదు. “ఆ భుజానికి ఇంకా సంగతి తెలీదు,” అంది నాతో.

సోమవారం వచ్చింది. నానబెట్టే గది ఎదురు వంతు. పిన్ని ఎప్పటిలా ముందే వెళ్ళింది. పలక ముందు నిలబడింది. తన బిళ్ళ జేబులో ఉంది. దాన్ని పట్టుకునే ఉంది, అంచు వేలికి గుచ్చుకునేంతగా. కొక్కేనికి తగిలించలేదు.

ఎదురు వచ్చి పలక చూసింది. పిన్నిని చూసింది. తొడుగులు తీసుకుని తలుపు లేని ఆ గదిలోకి వెళ్ళింది.

“అడిగితే మార్చేదాన్నేమో. అడగలేదు. అడక్కపోవడం అది నా దగ్గరే నేర్చుకుంది.”

ఆ వారమంతా హాలులో దగ్గు. గుడ్డ నోటికి అడ్డం పెట్టుకున్నా వినిపించేది. సూది వచ్చి రెండో కొస పట్టుకుంటానంటే పిన్ని వద్దంది. గోడకి ఒక మేకు కొట్టించుకుని, దుప్పటి ఒక మూల దానికి తగిలించి ఒక్కతే మడవసాగింది. మేకుకి రెండు చేతుల్లేవు కనక మడత ఒక పక్కకి లాగేది. ఇరవై ఆరేళ్ళలో ఒక్కనాడైనా పిన్ని మడత వంకరపోయిందని ఎవరూ అనలేదు. ఇప్పుడు వార్డుల నుంచి కబురొచ్చింది.

ఆ తర్వాతి సోమవారం పిన్ని సొంత వంతు. ఆమె వెళ్ళేసరికే పలక మీద ఆమె బిళ్ళ కనిపించలేదు. దాని మీద ఎదురు బిళ్ళ తగిలించి ఉంది. ఎదురు అప్పటికే తొట్టి ముందు ఉంది, మోచేతుల దాకా బ్లీచింగు నీళ్ళలో.

“మరి నువ్వు వద్దనలేదా పిన్నీ?”

 తీగ మీద దిండు గలీబులు గాలికి నిండి, ఖాళీ అవుతున్నాయి.

“అనలేదు.”

అది అయిదు నెలల కిందటి మాట. అప్పటి నుంచి నెలలో రెండు వారాలూ ఎదురే. మిగతా రెండు వారాలు ఇద్దరూ కలిసే దుప్పట్లు మడుస్తున్నారు, మునుపటిలాగే, మాట లేకుండా. మునుపటిలాగే రోజుకి రెండొందలసార్లు వేళ్ళు వేళ్ళకి తగులుతాయి. మునుపు ఎదురు వేళ్ళు పట్టుగుడ్డలా ఉండేవట. కొస అందించేటప్పుడు పిన్ని చర్మమే ఆ వేళ్ళకి గీసుకునేదట. ఇప్పుడు గీసుకునేది ఎదురుది.

నిన్న ఆదివారం. ఫట్‌మన్న చప్పుడు విని నేను డాబా మీదికి వెళ్ళాను. పిన్ని తీగకి ఒక మూల తగిలించి తన రెండు దుప్పట్లలో ఒకటి మడుస్తోంది. అడక్కుండానే వెళ్ళి రెండో కొస పట్టుకున్నాను. ఆమె అభ్యంతరం చెప్పలేదు. నా నడక కుదరలేదు. ముందుకు రావలసినప్పుడు ఆగాను, వంగవలసినప్పుడు నిలబడ్డాను. అయినా చేతులు కలిశాయి. అప్పుడు చూశాను. వేళ్ళ సందుల్లో ఎరుపు లేదు. అరచేతుల్లో పగుళ్ళు మూసుకుని, గులాబీ రంగు సన్నటి గీతలు మాత్రం మిగిలాయి. కొత్త చర్మం.

“బాగయ్యాయే పిన్నీ!” అన్నాను.

ఆమె చేతులు వెనక్కి తీసుకుని, తెలియనివాళ్ళవి చూసినట్టు తిప్పి తిప్పి చూసుకుంది. కింద వీధిలో ఎవరో దగ్గారు. ఆమె తల అటు తిరిగింది. పరాయి దగ్గని తెలిశాక మళ్ళీ దుప్పటి అందుకుని చివరి మడత వేసింది. మూల పైకి వచ్చేలా సరిచేసింది. చంకన బకెట్టు పెట్టుకుని మెట్ల దాకా వెళ్ళి ఆగింది.

“చేతులు బాగుపడ్డాయి కదా, మళ్ళీ అక్కడికి వెళ్దాం వదినా అంటోంది రేడియో,” అంది. “వెళ్ళొచ్చు. నాకు నీలం పట్టీ కడతారు. ఇప్పుడు ఎదురుని దిగనివ్వరు.”